పాత నికాన్ డి3200, పాత కేనన్ 1200డి: శ్రీకాకుళంలో రెండింటినీ వాడి చూశాక

12,000 రూపాయలలోపు పాత డీఎస్ఎల్ఆర్ కోసం వెతికేవారికి నికాన్ డి3200, కేనన్ 1200డి అనే రెండు పేర్లు పదే పదే ఎదురవుతాయి. మొదటిది 2012 ఏప్రిల్‌లోనూ, రెండవది 2014 ఫిబ్రవరిలోనూ ప్రకటించినవి. ఆ తరువాత డి3300, 1300డి వంటివి వచ్చి వీటిని పక్కకు నెట్టాయి. గత దసరాకు ముందు నా కోసం నికాన్‌ను 11,500 రూపాయలకూ, మేనల్లుడి కోసం కేనన్‌ను 10,500 రూపాయలకూ కొన్నాను. రెండూ 18-55 మి.మీ. కిట్ లెన్సులతో, అంటే కెమెరాతో కలిపి అమ్మే మామూలు లెన్సులతో వచ్చినవే. మేనల్లుడి పరీక్షలు ముగిసేవరకు కెమెరా ఇంటికి రాకూడదని మా అక్క ఆంక్ష పెట్టడంతో కేనన్ కూడా నా దగ్గరే ఉండిపోయింది. ఆ కొన్ని నెలలూ రెండింటినీ ఒకే సంచిలో వేసుకుని, ఒకే దృశ్యాన్ని ముందు దీనితో, వెంటనే దానితో తీస్తూ తిరిగాను.

మెగాపిక్సెళ్ల సంగతి ముందుగా చెప్పి ముగిస్తాను. నికాన్‌లో 24.2, కేనన్‌లో 18. మూడో వంతు ఎక్కువ వివరం దొరుకుతుందని ఆశపడటం సహజమే గానీ, ఫొటో వెడల్పులో చూస్తే 6016 పిక్సెళ్లకు 5184 పిక్సెళ్లు, అంటే 16 శాతం తేడా మాత్రమే. పొందూరు సన్నఖద్దరు పంచెను కిటికీ పక్కన తీగ మీద ఆరవేసి, రెండు కెమెరాలనూ ఒకే స్టాండు మీద వంతులవారీగా బిగించి, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 8కు కుదించి తీశాను. చేత్తో వడికిన నూలు గనుక పోగుకూ పోగుకూ లావులో స్వల్పమైన హెచ్చుతగ్గులుంటాయి. ఆ హెచ్చుతగ్గులు రెండు ఫొటోలలోనూ కనిపించాయి, కేనన్ ఫొటోను కాస్త ఎక్కువ పెద్దది చేసి చూడవలసి వచ్చిందంతే. పంచె అంచుల దగ్గరికి వచ్చేసరికి రెండు కిట్ లెన్సులూ సమానంగా మెత్తబడ్డాయి. గోడకు తగిలించుకునే సైజు ప్రింటుకు రెండూ సరిపోతాయి.

మెగాపిక్సెళ్లలో చూపించని తేడాను నికాన్ కళింగపట్నం తీరంలో చూపించింది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు గనుక, ఒడ్డున ఉన్న పడవను ఉదయం పూట తీయాలంటే వెలుతురుకు ఎదురుగా నిలబడక తప్పదు. ఆకాశంలోని రంగు పోకుండా తీస్తే పడవ నల్లని ముద్దగా వస్తుంది, పడవ కనిపించేలా తీస్తే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబడిపోతుంది. నేను రెండింటితోనూ ఆకాశాన్నే నమ్ముకుని రా ఫైళ్లు (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫైళ్లు) తీసి, ఇంటికి వచ్చాక కంప్యూటర్లో నీడలను మూడు స్టాపుల మేర (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పైకి లేపాను. నికాన్ ఫైల్లో ఆ నల్లని ముద్దలోంచి ఒక పడవ బయటికి వచ్చింది: పలకల మధ్య పూసిన తారు, ముక్కు దగ్గర రాసిన అమ్మవారి పేరులో పెచ్చులూడిన ఎర్ర రంగు, చుట్టచుట్టి పెట్టిన వల మీది నీలం తాడు. కేనన్ ఫైల్లో కూడా పడవ బయటికి వచ్చింది గానీ, నాసిరకం గుడ్డలో పడుగూ పేకా తేలినట్లు, నీడ పొడవునా నిలువు గీతలూ అడ్డ గీతలూ తేలాయి. అమ్మవారి పేరు ఆ గీతల వెనుక ఉండిపోయింది. వాటిని తొలగించబోతే తాడూ తారూ కలిసి ఒకే మరకయ్యాయి.

కెమెరాలను పరీక్షించే డీఎక్స్ఓమార్క్ కొలతల్లో నికాన్ డైనమిక్ రేంజి, అంటే ఒకే ఫొటోలో పట్టగల వెలుగునీడల వ్యాప్తి, దాదాపు 13 స్టాపులు, కేనన్‌ది 11 కంటే కాస్త ఎక్కువ. అంకెలుగా చదివినప్పుడు ఇది నాకు పెద్దగా ఎక్కలేదు, ఆ పడవను చూశాకే అర్థమైంది. అయితే కేనన్ పక్షాన ఒక మాట చెప్పాలి. ఎక్స్‌పోజరును మార్చి మార్చి వరుసగా మూడు ఫొటోలు తీసే బ్రాకెటింగ్ సదుపాయం 1200డిలో ఉంది, డి3200లో లేదు. శాలిహుండం కొండ మీది ఇటుక స్తూపాల వంటి కదలని వాటిని అలా మూడుసార్లు తీసి కలుపుకుంటే కేనన్ తన లోపాన్ని చాలావరకు కప్పిపుచ్చుకుంటుంది. అలల మీద ఊగే పడవకు ఆ ఉపాయం పనికిరాదు.

రా ఫైళ్ల జోలికి పోకుండా జేపెగ్ ఫొటోలతోనే సరిపెట్టుకునేవారి లెక్క వేరు. మనుషుల ముఖాల రంగు కేనన్‌లో వెచ్చగా, చూడగానే నచ్చేలా వస్తుంది. ట్యూబ్‌లైటు కింద నికాన్ ముఖాలను పసుపు వైపు లాగుతుంది. మా మేనల్లుడు రెండు ఫొటోలనూ పక్కపక్కన చూసి, "మావయ్యా, నికాన్‌లో నేను జ్వరం తగ్గి లేచినోడిలా ఉన్నాను" అన్నాడు. వైట్ బ్యాలెన్సును (తెలుపు తెలుపుగా కనిపించేలా రంగును సర్దే అమరికను) చేత్తో సరిచేస్తే ఆ దోషం పోతుంది గానీ, పేరంటంలో ఫొటో తీస్తూ దాన్ని సరిచేసే ఓపిక ఎందరికుంటుంది? ఇక్కడ మరో చిక్కు ఉంది. నికాన్ తెర 9,21,000 చుక్కలది, కేనన్ తెర 4,60,000 చుక్కలది. అందువల్ల అక్కడికక్కడే చూసుకున్నప్పుడు కేనన్ ఫొటో అసలుకంటే మసకగా కనిపించి మనల్ని నిరుత్సాహపరుస్తుంది. దాని తెరను చూసి ఏ ఫొటోనూ చెరిపేయవద్దు.

విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి రెండింటినీ తీసుకువెళ్లాను. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను, అంటే బండి మీద అమర్చిన పొడవాటి చెట్టు మాను, మూడుసార్లు తిరుగుతుంది. మాను చివర కూర్చున్న పూజారి ఆకాశం నేపథ్యంగా కనిపిస్తాడు, కింద జనం, మీద వాలుతున్న పొద్దు. ఇటువంటి చోట ఫోకస్ వ్యవస్థ బలహీనతలు దాగవు. నికాన్‌లో 11 ఫోకస్ పాయింట్లు, కేనన్‌లో 9 ఉన్నా, రెండింటిలోనూ మధ్య పాయింటు ఒక్కటే క్రాస్ రకం, అంటే నిలువు గీతలనూ అడ్డ గీతలనూ కూడా పట్టుకోగలిగేది. చీకటి పడే వేళ పక్క పాయింట్లను నమ్మడం వృథా, మధ్య పాయింటుతో పట్టుకుని తరువాత ఫ్రేము సర్దుకోవలసిందే. తక్కువ వెలుతురులో నికాన్ ఒక స్టాపు మేర ఎక్కువ చీకటిని తట్టుకుంటుందని రెండు కంపెనీల వివరాల్లోనే ఉంది, నా అనుభవమూ అదే. మూడో తిరుగుడులో కేనన్ లెన్సు ముందుకూ వెనక్కూ తడుముకుంటూ ఉండగానే మాను నన్ను దాటిపోయింది. సెకనుకు నాలుగు ఫొటోలు తీసే నికాన్‌తో, భక్తులు విసిరిన అరటిపండు పూజారి భుజం పక్కగా వెళుతున్న ఫొటో ఒకటి దొరికింది. సెకనుకు మూడు తీసే కేనన్‌లో పండు లేని ఫొటోలు, పండు మాత్రమే ఉన్న ఫొటో ఉన్నాయి. ఇందులో నా అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. వెలుతురు చాలనప్పుడు పెంచుకునే ఐఎస్ఓను 3200 దాకా తీసుకువెళితే రెండింటిలోనూ గరుకుదనం కనిపిస్తుంది, కేనన్‌లో అది మరింత రంగురంగులుగా ఉంటుంది.

పెళ్లిళ్లకు తీసుకువెళ్లేవారు మరొక సంగతి గమనించాలి. మసక వెలుతురులో ఫోకస్‌కు సాయంగా నికాన్ చిన్న దీపాన్ని వెలిగిస్తుంది, కేనన్‌లో అటువంటి దీపం లేదు గనుక ఫ్లాష్‌నే పైకి లేపి టపటపా మినుకుమినుకుమనిపిస్తుంది. మా వీధిలో జరిగిన ఒక పెళ్లిలో జీలకర్ర-బెల్లం సమయానికి నా కేనన్ ఇలా మినుకుమనగానే, ఫొటో తీయడం అయిపోయిందనుకుని పెళ్లికూతురు తల దించేసింది.

ఇంతవరకు చదివినవారికి నికాన్ గెలిచినట్లు అనిపిస్తుంది. లెన్సును పక్కన పెట్టి కెమెరా బాడీల పోటీ అయితే గెలిచినట్లే. కానీ ఈ కెమెరాలు కొనేవారు కిట్ లెన్సుతో ఎక్కువ కాలం ఆగరు, రెండో లెన్సు కొనే రోజున లెక్క తారుమారవుతుంది. డి3200 బాడీలో ఫోకస్ మోటారు లేదు. కనుక చౌకగా దొరికే పాత ఏఎఫ్ 50 మి.మీ. ఎఫ్ 1.8డి వంటి లెన్సులు దానికి బిగుస్తాయి, ఎక్స్‌పోజరును కెమెరాయే చూసుకుంటుంది, ఫోకస్‌ను మాత్రం చేత్తో తిప్పుకోవాలి. మోటారున్న ఏఎఫ్-ఎస్ రకానికి ఎక్కువ చెల్లించాలి. కేనన్ 1987లో ఈఎఫ్ మౌంటు (లెన్సు బిగించే అమరిక) తెచ్చిన నాటి నుంచి మోటారును లెన్సులోనే పెట్టింది గనుక, ఏ కాలపు ఈఎఫ్ లెన్సు దొరికినా 1200డి మీద ఆటోఫోకస్ పనిచేస్తుంది. 2015లో వచ్చిన 50 మి.మీ. ఎఫ్ 1.8 ఎస్‌టీఎం నాకు 5,000 రూపాయలకు దొరికింది. ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చే ఆ లెన్సు పెట్టాక కేనన్ మరో కెమెరా అయిపోయింది. పిల్లల ముఖాలు, వసారాలో కూర్చున్న పెద్దవాళ్లు, దీపాల వెలుతురు, వీటిలో నికాన్ కిట్ లెన్సు దాని దరిదాపులకు రాలేకపోయింది.

నికాన్ వైపు లెన్సుల్లో మరొక గుంట ఉంది, అందులో నేను స్వయంగా పడ్డాను. పొరుగు నగరంలోని ఒక సెకండ్ హ్యాండ్ దుకాణంలో ఏఎఫ్-పి రకం 70-300 లెన్సు కనబడింది. ఇది డి3200కు పనిచేస్తుందా అని అడిగితే, "నికాన్ లెన్సు నికాన్‌కు పనిచేయకపోవడమేమిటి సార్" అని దుకాణదారు నవ్వాడు. నేనూ నవ్వి 8,500 రూపాయలు ఇచ్చి వచ్చాను. లెన్సు చక్కగా బిగిసింది, కానీ ఫోకస్ కాలేదు. సరే, చేత్తో తిప్పుదామంటే ఆ రింగు లోపలి గాజును నేరుగా కదిపేది కాదు, మోటారుకు కబురు పంపేది మాత్రమే. ఆ కబురు డి3200కు అర్థం కాదు. రింగు ఎంత తిప్పినా ఎదురింటి డాబా అలాగే మసకగా ఉండిపోయింది. 2016లో మొదలైన ఈ ఏఎఫ్-పి లెన్సులకు డి3200 సరిపడదని తరువాత నికాన్ వారి వివరాల్లో చదివాను. మర్నాడు వెళితే దుకాణదారు దాన్ని వెనక్కి తీసుకుని, 1,500 రూపాయలు మినహాయించుకుని, 55-200 వీఆర్ లెన్సు ఇచ్చాడు. లెన్సు మీద "ఏఎఫ్-పి" అన్న అక్షరాలు కనబడితే డి3200 యజమానులు దాన్ని చేత్తో కూడా తాకవద్దు.

ఆ 55-200తోనూ, కేనన్‌కు ఒక మిత్రుడి దగ్గర అరువు తెచ్చిన 55-250 ఐఎస్ ఎస్‌టీఎంతోనూ శీతాకాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం వెళ్లాను. అక్కడ పెలికాన్లూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి గనుక మరీ పెద్ద లెన్సు లేకపోయినా పని జరుగుతుంది. నికాన్ పిక్సెళ్లు మరింత ఒత్తుగా ఉన్నా, లెన్సులోని 50 మి.మీ. తేడాను అవి పూర్తిగా పూడ్చలేవు. లెక్క వేస్తే పక్షి ముక్కు పొడవున కేనన్‌లోనే 12 శాతం వరకు ఎక్కువ పిక్సెళ్లు పడతాయి. తల్లి గొంతు సంచిలోకి పిల్ల పెలికాన్ తల దూర్చిన ఫొటోల్లో నేను దాచుకున్నది కేనన్‌తో తీసినదే.

వీడియో గురించి ఒక్క ముక్క. రెండూ 1080పి తీస్తాయి, కానీ బయటి మైకు పెట్టుకునే రంధ్రం నికాన్‌కే ఉంది. మా ఉత్తరాంధ్ర జానపద నృత్యం తప్పెటగుళ్ల బృందం ఆడుతుంటే కేనన్‌లోని మైకు గజ్జెల మోతనూ తప్పెట దెబ్బనూ కలిపి గరగరలాడించింది. పాట వినబడాలంటే నికాన్‌కు విడి మైకు తగిలించుకోవాలి.

కొనేటప్పుడు షట్టర్ కౌంట్, అంటే కెమెరా అప్పటివరకు ఎన్ని ఫొటోలు తీసిందన్న అంకె, అడగడం అందరూ చేసేదే. డి3200తో అప్పటికప్పుడు తీసిన ఒక జేపెగ్ ఫొటోలోనే ఆ అంకె నమోదై ఉంటుంది, ఫొటోను ఫోన్లోకి తెచ్చుకుని చూసుకోవచ్చు. షట్టరును 1,00,000 సార్లకు పరీక్షించామని నికాన్ చెబుతుంది. 1200డి ఫొటోల్లో ఆ అంకె ఉండదు, కేబులుతో కంప్యూటర్‌కు కలిపి ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌తో చూడాలి, ఏ అమ్మకందారూ అంతసేపు కూర్చోడు. కనుక కేనన్ కొనేవారు పట్టు దగ్గర రబ్బరు ఊడిందా, మోడ్ డయల్ మీది అక్షరాలు అరిగాయా అన్నవి చూసి అంచనా వేసుకోవలసిందే.

అంతకంటే ముఖ్యమైనది లెన్సులోని బూజు. మన తీరప్రాంతపు తేమలో బీరువాలో బట్టల మధ్య దాచిన లెన్సుకు రెండు వానాకాలాలు చాలు. లెన్సును ఊడదీసి, వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూస్తే సాలెగూడు పోగుల్లాంటివి కనబడతాయి. నా నికాన్‌తో వచ్చిన కిట్ లెన్సులో అటువంటి పోగు ఒకటి అంచున ఉంది, దాన్ని చూపించే 500 రూపాయలు తగ్గించుకున్నాను. ఇప్పుడు లెన్సులన్నీ మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటున్నాయి. ఆ డబ్బా అప్పడాలదని మా ఇంట్లో ఇప్పటికీ తగాదా. పరీక్షలు కాగానే మేనల్లుడు వచ్చి, 50 మి.మీ. లెన్సు పెట్టి ఉన్న కేనన్‌ను చేతిలోకి తీసుకుని, నికాన్ వైపు కన్నెత్తి చూడకుండా వెళ్లిపోయాడు. నేనూ నికాన్‌ను ఇస్తానని అనలేదు.