ఐదో స్ట్రింగ్ అవసరమా? మూడు సీజన్లు వాయించాక యమహా టీఆర్‌బీఎక్స్ 305 బాస్ గిటార్ గురించి

పోయిన వారం చిత్తూరు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి "అన్నా, బాస్ కొనాలనుకుంటున్నా, నాలుగు స్ట్రింగ్సా ఐదా చెప్పు" అన్నాడు. గంటసేపు మాట్లాడినా పూర్తి కాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. నేను తిరుపతిలో ఆర్కెస్ట్రాకి బాస్ వాయిస్తాను. ముహూర్తాల్లో రిసెప్షన్లు, మే నెలలో గంగమ్మ జాతర, వినాయక చవితి పందిళ్ళు, డిసెంబర్ అంతా క్రిస్మస్ ప్రోగ్రాములు, మధ్యమధ్యలో భక్తి సంగీతం, ఇదీ నా పని. ఈ డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది కాబట్టి నేను చెప్పేదంతా స్టేజీ మీద పనికొచ్చిందా లేదా అన్న లెక్కలోనే ఉంటుంది. ధరలు రాయట్లేదు, పండక్కి ఒకటి మామూలు రోజుకి ఒకటి ఉంటున్నాయి.

ముందు ఐదో స్ట్రింగ్ ఎందుకో చెప్పాలి, ఎందుకంటే నేనే చాలా ఏళ్ళు అది అక్కర్లేదని వాదించినవాణ్ణి.

చంద్రగిరి దగ్గర ఒక కల్యాణ మండపంలో రిసెప్షన్. వరసగా మూడో రోజు ప్రోగ్రాం, పాడే అన్నకి గొంతు పట్టేసింది. పాట మొదలుపెట్టే ముందు "రెండు దించండి" అన్నాడు, అంటే స్కేలు రెండు మెట్లు కిందికి. కీబోర్డ్ అన్న ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కాడు, ఆయన పని అయిపోయింది. నేను ఆ పాటని ఈ (E) మైనర్‌లో నేర్చుకున్నా, ఇప్పుడది డీ మైనర్. నాలుగు స్ట్రింగ్స్ బాస్‌లో అన్నిటికన్నా కిందుండే స్వరం ఈ (E), దాని కింద డీ లేనే లేదు. ఇంక పై డీ పట్టుకోవాలి. పల్లవి ఎత్తుకునే చోట బాస్ కిందికి దిగి కూర్చోవాలి, నాది పైకి పోయింది. స్వరం తప్పు కాదు, జనంలో ఎవరూ ఏమీ అనుకోలేదు కూడా, కానీ పాట బరువు పోయింది, తబలా వాయించే అన్న అటువైపు నుంచి తలెత్తి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ (E) స్ట్రింగ్‌నే డీకి దించుకోవచ్చు కదా అంటారు. ఒక పాటకైతే సరే. పాటకీ పాటకీ మధ్య యాంకర్ మాట్లాడే అర నిమిషంలో దించి, మళ్ళీ ఎక్కించి, వదులైన స్ట్రింగ్ మీద అదే గట్టిదనం రప్పించడం రాత్రికి పదిసార్లు చేసే పని కాదు.

మన వైపు ఇది ఇంకా ఎక్కువ ఎందుకంటే భక్తి సంగీతం ఉంది. మగవాళ్ళు ఎక్కువమంది ఒకటి శృతి, ఒకటిన్నర శృతి, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర. ఒకటి అంటే సీ. నాలుగు స్ట్రింగ్స్ మీద అన్నిటికన్నా కిందుండే సీ, ఏ (A) స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో (ఫ్రెట్ అంటే మెడ మీది అడ్డ కమ్మీ) దొరుకుతుంది, అది 65 హెర్ట్జ్. ఐదో స్ట్రింగ్ బీ, వేలు పెట్టకుండా మీటితే దాదాపు 31 హెర్ట్జ్. దాని మొదటి ఫ్రెట్ సీ, రెండో ఫ్రెట్ సీ షార్ప్. అంటే ఒకటికైనా ఒకటిన్నరకైనా మంద్ర షడ్జమం (కింది స) మొదటి రెండు ఫ్రెట్లలోనే ఉంది. ఐదు శృతి తీసుకుంటే షడ్జమం జీ, అది ఈ (E) స్ట్రింగ్ మీదే దొరుకుతుంది, కానీ కింది పంచమం (ప) డీ కావాలంటే మళ్ళీ బీ స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌కి రావాల్సిందే. ఇది అర్థమైన రోజు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళు కింది పంచమం లేకుండా వాయించానా అనిపించింది.

ఇంకో మాట. ఇళయరాజా పాటల్లో బాస్ విని ఈ వాయిద్యం పట్టుకున్నవాళ్ళం మన దక్షిణాదిలో ఎంతమందిమో. ఆ పాటల్లో బాస్ ఊరికే తాళం కొట్టదు, పాట కింద ఇంకో పాట పాడుతుంది. అలాంటి లైన్‌ని రెండు దించితే దాని అడుగుభాగం తెగిపోతుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు "ఎడమ చేత్తో కీబోర్డ్ మీద బాస్ వేసేస్తాడులే, ఇంకో మనిషికి పేమెంట్ ఎందుకు" అని అంటున్న రోజుల్లో మనం అడుగు తెగిన బాస్ వాయిస్తే మనల్ని ఎందుకు పిలుస్తారు?

సరే, బాస్ సంగతి. నేను తీసుకున్నది యమహా టీఆర్‌బీఎక్స్ 305. మహాగని బాడీ, మేపుల్, మహాగని కలిపి అతికించిన ఐదు ముక్కల నెక్, 34 అంగుళాల స్కేల్ (అంటే స్ట్రింగ్ మోగే పొడవు), 24 ఫ్రెట్లు, రెండు హంబకర్ పికప్‌లు (పికప్ అంటే స్ట్రింగ్ అదురుని సిగ్నల్‌గా మార్చేది). హంబకర్ అన్నది మాకు చాలా పెద్ద విషయం. పెళ్ళి మండపంలో సీరియల్ లైట్లు, ఎల్‌ఈడీ తెర, డిమ్మర్లు అన్నీ ఒకే లైన్ మీద ఉంటాయి, సింగిల్ కాయిల్ పికప్ వాటి గుయ్‌మనే శబ్దాన్నంతా లాక్కుంటుంది. ఇందులో ఆ బాధ చాలా తక్కువ. నెక్ మూడు వేసవులు చూసింది, మే నెల తిరుపతి ఎండలో మధ్యాహ్నం సౌండ్ చెక్ అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు, అయినా ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) ఏడాదికి ఒకటి రెండు సార్లు కొద్దిగా తిప్పుకోవడం తప్ప వేరే పని పడలేదు.

ఐదు పొజిషన్ల ఈక్యూ (టోన్ మార్చే) స్విచ్ ఒకటుంది: స్లాప్, పిక్, ఫ్లాట్, ఫింగర్, సోలో. షాపులో చూసినప్పుడు ఇదేదో ఆకర్షణ కోసం పెట్టారనుకున్నా, తప్పు నాదే. మిక్సర్ దగ్గర ఉన్నాయన మనవైపు చూడని రాత్రుల్లో ఈ ఒక్క స్విచ్చే దిక్కు. మెలోడీలకి, భక్తి పాటలకి ఫింగర్‌లో పెడతా, మాస్ పాటలకి పిక్‌కి మారుస్తా. సోలో పొజిషన్ నేను వాడను. విడిగా బేస్, ట్రెబుల్ నాబ్‌లు కూడా ఉన్నాయి, బేస్ నాబ్ సున్నా దగ్గరే ఉంచండి, ముఖ్యంగా ప్యాడ్స్ వాయించేవాళ్ళు గట్టిగా కిక్ కొట్టే బ్యాండ్ అయితే.

ఇది తేలిక వాయిద్యం కాదు. నాలుగు గంటలు నిలబడాలంటే వెడల్పాటి లెదర్ బెల్టు తప్పనిసరి, సన్న నైలాన్ బెల్టుతో రెండో గంటకే భుజం కోసేస్తుంది. నెక్ వెడల్పుకి చెయ్యి అలవాటు పడటానికి నాకు నెల పట్టింది. వెడల్పు కంటే కష్టమైంది కుడిచేతి పని: బీ స్ట్రింగ్‌ని ముట్టుకోకుండా వదిలేస్తే మానిటర్ చప్పుడుకే అది తనంతట తాను మోగుతూ ఉంటుంది. వాయించనప్పుడు బొటనవేలు దాని మీద ఆనించి ఉంచాలి, వేళ్ళు పైకి వెళ్ళేకొద్దీ బొటనవేలూ జరగాలి. ఇది రాకుండా ఐదు స్ట్రింగ్స్ పట్టుకుని స్టేజీ ఎక్కితే మోత తప్ప సంగీతం ఉండదు.

ఇది యాక్టివ్ బాస్, అంటే లోపలి సర్క్యూట్ బ్యాటరీతో నడుస్తుంది, కాబట్టి బ్యాటరీ అయిపోతే శబ్దం ఆగిపోతుంది. పాసివ్‌కి (బ్యాటరీ లేకుండా పనిచేసేలా) మార్చే స్విచ్ ఈ 300 సిరీస్‌లో లేదు, పైన ఉన్న 500 సిరీస్‌లో ఉంది. డబ్బు సర్దుబాటయితే ఆ ఒక్క స్విచ్ కోసమే పైదానికి వెళ్ళమంటాను. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే కేబుల్ జాక్‌లో గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, మీరు వాయించినా వాయించకపోయినా. నా పాత సెకండ్ హ్యాండ్ బాస్‌తో శ్రీకాళహస్తిలో ఒక క్రిస్మస్ ప్రోగ్రాంలో ఇదే జరిగింది, మధ్యాహ్నం సౌండ్ చెక్ చేసి కేబుల్ గుచ్చి వదిలేసి భోజనానికి పోయా, రాత్రి మూడో పాటకి గొంతు నొక్కేసినట్టు శబ్దం చితికిపోయింది. అప్పటినుంచి బ్యాగులో ఎప్పుడూ కొత్త బ్యాటరీ ఒకటి, చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి ఉంటాయి.

ఇప్పుడు నా దృష్టిలో బాస్ కన్నా ముందు కొనాల్సింది: డీఐ బాక్స్. నవ్వొద్దు. మన స్టేజీల మీద బాస్‌కి ఆంప్ ఉండదు, సౌండ్ వాళ్ళు కేబుల్ లాగి నేరుగా మిక్సర్‌లో గుచ్చుతారు. పాసివ్ బాస్ సిగ్నల్ అంత పొడుగు మామూలు కేబుల్‌లో పోతే పై స్వరాల మెరుపు పోతుంది, దారిలో ఉన్న హమ్ అంతా ఎక్కుతుంది. డీఐ బాక్స్ దాన్ని బ్యాలెన్స్‌డ్ సిగ్నల్‌గా మార్చి మైకు కేబుల్‌లో పంపుతుంది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న స్విచ్ ఉంటుంది. జాతరలో జనరేటర్ మీద వాయిస్తున్నప్పుడు ఆపకుండా హమ్ వస్తుంటే సౌండ్ తమ్ముడు నా బాస్ పాడైందన్నాడు, ఆ స్విచ్ నొక్కగానే నిశ్శబ్దం. బాస్ పాసివ్ అయితే యాక్టివ్ డీఐ తీసుకోండి, నాది బెహ్రింగర్ డీఐ 100, మూడేళ్ళుగా బస్సుల్లో ఆటోల్లో పడి తిరుగుతోంది, ఇంకా పనిచేస్తోంది.

ఆంప్ విషయంలో పొడుగ్గా చెప్పను. ఫెండర్ రంబుల్ 40 ఉంది నా దగ్గర, 10 అంగుళాల స్పీకర్, ఎనిమిది కిలోల చిల్లర బరువు, స్కూటీ ముందు పెట్టుకుని పోవచ్చు. వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్ (మైకు కేబుల్ గుచ్చే చోటు) ఉంది కాబట్టి అది నా మానిటర్‌గా పనిచేస్తుంది, అసలు సౌండ్ మిక్సర్ నుంచి బిన్నుల్లోకి (పెద్ద స్పీకర్లలోకి) పోతుంది. చిన్న హాల్లో ప్రార్థనలకి అదొక్కటే చాలు. కానీ ఆ స్పీకర్‌లో బీ స్ట్రింగ్ అసలు లోతు వస్తుందనుకోవద్దు, 31 హెర్ట్జ్ ఆ సైజుకి మించిన పని. పైనున్న హార్మోనిక్స్ (స్వరంతో పాటు మోగే పై పలుకులు) విని చెవి మిగతాది ఊహించుకుంటుంది. షాపులో చిన్న ఆంప్‌లో వాయించి "ఐదో స్ట్రింగ్ బురదగా ఉంది" అని బాస్‌ని వద్దనేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి, తప్పు స్పీకర్‌ది కావచ్చు.

స్ట్రింగ్స్‌కి మన చెమటే శత్రువు. నికెల్ రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టినవి) వేస్తే పెళ్ళి సీజన్‌లో నెలన్నరకే మెరుపు పోతుంది. వాయించగానే పొడిగుడ్డతో తుడవండి, బ్యాగులో పెట్టే ముందు, ఇంటికెళ్ళాక కాదు. అమెరికా బాసిస్ట్ జేమ్స్ జేమర్సన్ మోటౌన్ కంపెనీ పాటలు చాలావరకు ఫ్లాట్‌వౌండ్ (చదును తీగ చుట్టిన) స్ట్రింగ్స్ మీద, అవీ ఎప్పుడో తప్ప మార్చకుండా వాయించాడు, పాతబడ్డ స్ట్రింగ్ మెత్తగా పలకడమే ఆయన సౌండ్. అది విన్నాకే నా పాత నాలుగు స్ట్రింగ్స్ బాస్‌కి ఫ్లాట్‌వౌండ్ వేశా. పాత మెలోడీల ప్రోగ్రాం అంటే ఇప్పటికీ అదే తీసుకుపోతా, ఆ పాటలకి 305 కన్నా అదే బాగుంటుంది, ఈ మాట మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఎక్కడ కొనాలంటే, మన ఊళ్ళో షాపుల్లో హార్మోనియం, తబలా, కీబోర్డ్, మామూలు గిటార్ చూసుకోవచ్చు గానీ నాలుగైదు బాస్‌లు పక్కపక్కన పెట్టి వాయించి చూడాలంటే చెన్నై పోవాలి. రైల్లో మూడు, మూడున్నర గంటలు. అన్నా సాలైలో మ్యూసీ మ్యూజికల్ ఉంది, 1842 నుంచి ఉన్న షాపు, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఫింగర్‌బోర్డ్ (నెక్ మీద వేళ్ళు పెట్టే పలక) అచ్చం రోజ్‌వుడ్డే కావాలని పట్టుబట్టొద్దు. 2017లో రోజ్‌వుడ్ ఎగుమతి మీద అంతర్జాతీయ నిబంధనలు వచ్చాక చాలా కంపెనీలు లారెల్, పావ్ ఫెర్రో లాంటి వేరే చెక్కలకి మారాయి, 2019లో, తయారైపోయిన వాయిద్యాలకి సడలింపు ఇచ్చినా ఆ చెక్కలు ఉండిపోయాయి. వాటితో నాకైతే ఏ ఇబ్బందీ కనిపించలేదు. (చెక్క మాట వచ్చింది కాబట్టి, మన శేషాచలం ఎర్రచందనాన్ని జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాయిద్యానికి వాడతారు. తెలిసినప్పుడు చాలా గర్వంగా అనిపించింది.)

సెకండ్ హ్యాండ్ అయితే ఒక్క స్ట్రింగ్ కూడా వదలకుండా ప్రతి ఫ్రెట్ మీటి, ఎక్కడ స్వరం తొందరగా చచ్చిపోతుందో వినండి. జీ స్ట్రింగ్ ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య ఇది ఎక్కువ. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (నొక్కకుండా పైపైన తాకి మీటితే వచ్చేది), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ట్యూనర్‌లో ఒకటే చూపించాలి. ట్రస్ రాడ్ తిరుగుతుందా లేదా అన్నది మీ కళ్ళ ముందు తిప్పి చూపించమనండి, తిరగకపోతే ఎంత చవకైనా వద్దు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు, చర్చిలో ఆదివారం మాత్రమే వాయించేవాళ్ళు, స్కేలు మారని సొంత పాటల బ్యాండ్ ఉన్నవాళ్ళు ఐదు స్ట్రింగ్స్ జోలికి ఇప్పుడే పోవద్దు. టీఆర్‌బీఎక్స్ 174 లాంటి నాలుగు స్ట్రింగ్స్ తీసుకుని మిగిలిన డబ్బుతో మంచి డీఐ, పెడల్ ట్యూనర్ కొనుక్కోండి. బాస్ తలకి తగిలించే క్లిప్ ట్యూనర్ స్టేజీ అదురుకి తికమక పడుతుంది, బీ స్ట్రింగ్‌ని సరిగ్గా పట్టుకోదు కూడా.

చిత్తూరు తమ్ముడు వారానికి మూడు ఆర్కెస్ట్రాలకి తిరుగుతున్నాడు, ముగ్గురు గాయకులవీ మూడు స్కేళ్ళు. తమ్ముడూ, నువ్వు ఐదే తీసుకో. చెన్నై పోయేటప్పుడు నువ్వు రోజూ వాయించే పాటలు ఫోన్‌లో రెండు దించి పెట్టుకుని పో, షాపులో వాటితోనే వాయించి చూడు.