ఎడ్ల పందెం దుమ్ముకు నిలవని క్యాప్చర్ స్టిక్

సంక్రాంతికీ, తిరునాళ్లకూ ప్రకాశం జిల్లా పల్లెల్లో జరిగే ఎడ్ల బండలాగుడు పోటీలను యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేయడం నా పని. కెమెరా హెచ్‌డీఎంఐ తీగను ల్యాప్‌టాప్‌కు కలపడానికి నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక దుకాణంలో 1,200 రూపాయలు పెట్టి, వేలెడంత ఉన్న యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ కొన్నాను. "అన్నా, పెళ్లి వీడియోలు తీసేవాళ్లంతా ఇదే పట్టుకుపోతున్నారు" అని దుకాణంలోని కుర్రవాడు చెప్పిన మాట అబద్ధం కాదు. అయితే నా పనికి అది ఎందుకు చాలలేదో తెలుసుకోవడానికి నాకు మూడు పోటీలు పట్టింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కనుక, ఇక్కడ చెప్పేదంతా అందులో యూఎస్‌బీ వీడియో పరికరాలను నడిపే యూవీసీవీడియో అనే డ్రైవర్ ప్రోగ్రాము వైపు నుంచి చూసినదే.

అట్టపెట్టె మీద యూఎస్‌బీ 3.0 అని ముద్రించారు, పిన్ను లోపలి ప్లాస్టిక్ కూడా 3.0కు గుర్తుగా వాడే నీలమే. తగిలించిన యూఎస్‌బీ పరికరాలనూ వాటి వేగాన్నీ చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ ఆదేశంతో చూస్తే మాత్రం అది కలిసినది 480 మెగాబిట్ల వేగంతో, అంటే యూఎస్‌బీ 2.0గానే. 1920×1080 కొలతలో కుదించని ఒక్కో ఫ్రేమ్‌కు, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మకు, పిక్సెల్‌కు రెండు బైట్ల చొప్పున, 41,47,200 బైట్లు కావాలి. సెకనుకు 30 ఫ్రేములంటే సుమారు 12 కోట్ల 44 లక్షల బైట్లు. యూఎస్‌బీ 2.0 మోయగలిగినది లెక్క ప్రకారమే సెకనుకు 6 కోట్ల బైట్లు, ఆచరణలో ఇంకా తక్కువ. అందుకే ఈ స్టిక్ కుదించని చిత్రాన్ని సెకనుకు 5 ఫ్రేములే ఇస్తుంది; 30 కావాలంటే ప్రతి ఫ్రేమ్‌నూ జేపెగ్‌గా కుదించి పంపుతుంది. ఈ ధరకు అది తప్పని నేను అనను, పెట్టె మీది 3.0 అన్న అంకె మాత్రం తప్పే.

ఒంగోలులో ఒక పెళ్లికి నాలుగు గంటలు ఏకధాటిగా నడిపాను. కాస్త వేడెక్కింది తప్ప బొమ్మ ఎక్కడా ఆగలేదు, మాట పెదవికి దూరం కాలేదు.

చిక్కు పోటీ బరిలో వచ్చింది. ఇచ్చిన గడువులో జత ఎంత దూరం లాగిందో అడుగులు, అంగుళాలలో కొలిచే ఆట ఇది. చివరి నిమిషంలో బండ కదలికను జనం రెప్పవేయకుండా చూస్తారు. సరిగ్గా అప్పుడే, ఎడ్ల కాళ్ల కింద దుమ్ము లేచిన ప్రతిసారీ, బొమ్మ గతుక్కుమని దూకేది. ఎడ్లు వరుసకు వచ్చి నిలబడినప్పుడు ఏ లోపమూ లేదు.

నా మొదటి అనుమానం బఫర్ల, అంటే వచ్చిన ఫ్రేములను తాత్కాలికంగా ఉంచే మెమరీ గదుల, సంఖ్య మీదికి పోయింది. లినక్స్ వీడియో వ్యవస్థలో ప్రోగ్రాము ముందుగా ఇన్ని బఫర్లు కావాలని డ్రైవర్‌ను అడుగుతుంది, డ్రైవర్ తనకు వీలైనన్ని కేటాయిస్తుంది, ఆ తరువాత ఖాళీ బఫర్లను ప్రోగ్రాము వరుసలో పెడుతూ, నిండినవాటిని తీసుకుంటూ, వాడుకున్నవాటిని మళ్లీ వరుసలోకి తిప్పి ఇస్తూ ఉండాలి. ఆ తిప్పి ఇవ్వడంలో ఆలస్యమైతే డ్రైవర్ చేతిలో ఖాళీ బఫర్ ఉండదు, వచ్చిన ఫ్రేమ్ నేలపాలవుతుంది. వీఫోర్‌ఎల్‌టూ-సీటీఎల్ సాధనంతో నాలుగు బఫర్లను ఎనిమిది చేశాను, పదహారు చేశాను. ఫ్రేముల వరుస సంఖ్యల్లో ఖాళీలు మాత్రం అలాగే ఉన్నాయి. ల్యాప్‌టాప్ కూడా తీరిగ్గానే ఉంది.

అసలు సంగతి బఫర్ల సంఖ్యలో కాక, ఒక్కో బఫర్ పరిమాణంలో దొరికింది. కుదించని చిత్రమైతే ఫ్రేమ్ ఎంత ఉంటుందో కొలతలను బట్టే తెలుస్తుంది. జేపెగ్‌కు అలా కుదరదు. గరిష్ఠంగా ఎంత వస్తుందో పరికరమే చెప్పాలి, డ్రైవర్ ఆ మాట నమ్మి బఫర్ కేటాయించాలి. ఈ స్టిక్ ప్రతి కొలతకూ చెప్పే గరిష్ఠం 6,14,400 బైట్లు, అంటే 640 ఇంటూ 480 ఇంటూ రెండు. చిన్న బొమ్మ కోసం రాసిన అంకెను పెద్ద బొమ్మకు కూడా అలాగే వదిలేశారన్నమాట. కదలని పెళ్లి వేదిక జేపెగ్‌లో బాగా కుదించుకుపోతుంది కనుక ఆ హద్దు దాటదు. గాలిలో తేలే దుమ్ములో ప్రతి రేణువూ ఒక వివరమే, కాబట్టి ఫ్రేమ్ ఉబ్బి హద్దు దాటుతుంది. డ్రైవర్ మిగిలిన బైట్లను బఫర్ అంచు దాటి రాయదు, రాయకూడదు కూడా. అది ఆ ఫ్రేమ్‌కు లోపం గుర్తు పెడుతుంది, నా కెర్నెల్ (లినక్స్ మూల భాగం)లోని మామూలు అమరిక ప్రకారం ప్రోగ్రాముకు చూపకుండానే ఆ బఫర్‌ను మళ్లీ వరుసలో వేసుకుంటుంది. చిన్న గోతంలో పట్టని ధాన్యానికి అలాంటి చిన్న గోతాలు మరో పన్నెండు తెచ్చి ప్రయోజనం ఏముంది? లోపమున్న ఫ్రేములను పారేయవద్దని డ్రైవర్‌కు చెప్పే నోడ్రాప్ అనే అమరికను 1 చేస్తే ఆ ఫ్రేములు కనబడ్డాయి, అయితే కింది భాగం తెగిపోయి.

కెమెరా అవుట్‌పుట్‌ను 1280×720కి తగ్గించాక ఫ్రేములు హద్దులోకి వచ్చాయి, తరువాతి పోటీలో నాలుగు పళ్ల ఎడ్ల విభాగం మొత్తం ఒక్క దూకుడు లేకుండా సాగింది. ఫోన్లో చూసేవారిలో తేడా అడిగినవారు ఒక్కరే. దుకాణం వారు స్టిక్‌ను వెనక్కి తీసుకోలేదు, పని చేస్తోందిగా అన్నారు. పెళ్లి రికార్డింగు చూపిస్తే నిజమే మరి. పెళ్లిళ్లు, సభలు, పాఠశాల వేడుకలు తీసేవారికి నేను దీనికి ఐదుకు నాలుగు ఇస్తాను. బరిలో 1080 కోరేవారు మరికొంత డబ్బు పెట్టి నిజమైన యూఎస్‌బీ 3.0 కార్డు కొనాలి. కొనేముందు దుకాణంలోనే ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో వేగం 5000 (మెగాబిట్లు) అని వస్తుందో లేదో చూసుకోవాలి.