తొలి ఆఫ్రికా వేటకు దక్షిణాఫ్రికానా, నమీబియానా?

కుడు, ఓరిక్స్, ఇంపాలా జింకల వంటి మైదానపు జంతువుల వేటకు తొలిసారి వెళ్లేవారు ఎక్కువగా ఈ రెండింటి మధ్యే ఊగిసలాడతారు.

ఖర్చు: రెండుచోట్లా రోజువారీ రుసుము వేరు, జంతువు రుసుము వేరు. గాయపడి తప్పించుకున్నదానికీ సాధారణంగా పూర్తి డబ్బు కట్టాల్సిందే. దక్షిణాఫ్రికాలో నిర్వాహకుల మధ్య పోటీ ఎక్కువ, అందుకే ప్యాకేజీలు చవక. మురిసిపోకండి; వేటాడిన జంతువు తోలు శుద్ధి, దాన్ని ఇంటికి చేర్చే రవాణా ఖర్చులు ముందే అడగండి. అసలు దెబ్బ అక్కడే.

జంతువులు: రకాల్లో దక్షిణాఫ్రికాదే పైచేయి. ఓరిక్స్, హార్ట్‌మన్ కొండ జీబ్రాలకు నమీబియా.

నేల: దక్షిణాఫ్రికాలో చాలావరకు ఎత్తైన కంచెల ప్రైవేటు క్షేత్రాలే. నమీబియాలో తక్కువ ఎత్తు కంచెల పశుక్షేత్రాలతో పాటు, 1996 చట్టంతో మొదలైన, స్థానికులే నడిపే సామూహిక సంరక్షణ ప్రాంతాలూ ఉన్నాయి. అక్కడ వేట ఆదాయంలో కొంత స్థానికులకు చేరుతుంది. నా మొగ్గు ఇటే. కాకపోతే నడక ఎక్కువ, తుపాకీ పేల్చాల్సిన దూరమూ ఎక్కువే.

తుపాకీ అనుమతి: నమీబియాలో తేలిక, దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో కాగితాలు ఎక్కువ.

మలేరియా: దక్షిణాఫ్రికా రాష్ట్రమైన ఈస్టర్న్ కేప్‌లో బెడద లేదు. అదే దేశపు లింపోపో రాష్ట్రం, నమీబియా ఉత్తర ప్రాంతాల్లో జాగ్రత్త.

పిల్లాపాపలతో, తక్కువ సెలవుతో, ఎక్కువ రకాలు చూడాలనుకుంటే ఈస్టర్న్ కేప్. కాళ్లలో సత్తువ, రెండు మూడు జంతువులతో తృప్తిపడే ఓపిక ఉంటే నమీబియా.