కొమ్మలు కోసే ఫైబర్‌గ్లాస్ కర్ర: చాలాకాలం వాడాక

కొన్న కొత్తలో ఎవరడిగినా కళ్ళు మూసుకుని తీసుకోమనేవాణ్ణి. కత్తెరకు ఇప్పటికీ పదును తగ్గలేదు. తాడు లాగితే బొటనవేలు లావు కొమ్మ టక్కున తెగుతుంది, నిచ్చెన అవసరం దాదాపు తప్పింది. నా కోపమంతా కర్ర మీది స్టిక్కర్ మీదే. పెద్ద అక్షరాల్లో ‘షాక్ కొట్టదు’ అని ఉంటుంది.

అల్యూమినియం కంటే ఫైబర్‌గ్లాస్ మేలన్నది నిజమే. కానీ అది కరెంటును ఆపేది పొడిగా, శుభ్రంగా ఉన్నంతవరకే. చెట్ల కింద తిరిగే కర్ర అలా ఎంతకాలం ఉంటుంది?

మొన్న వానలు తగ్గాక బయటకు తీస్తే చేతికి సన్నగా నూగు గుచ్చుకుంది. ఎండకు పైపూత పోయి గాజు పోగులు పైకి తేలాయి. వాటి సందుల్లో దుమ్ము, చెట్టు జిగురు నల్లగా పట్టేసి ఉన్నాయి, గుడ్డతో ఎంత తుడిచినా వదల్లేదు. సరేలే అని లాక్ వదులు చేసి లోపలి గొట్టం లాగితే, చచ్చిన చీమలతో సహా మురికి నీళ్ళు మోచేతి దాకా కారాయి. పై చివర మూత ఎప్పుడు ఊడిందో ఏమో, బోలు గొట్టం నిండా నీళ్ళే. పైకి మాత్రం కర్ర పొడిగానే కనబడుతోంది! లైన్‌మన్‌లు వాడే కర్రల్లో చాలావాటికి లోపల ఫోమ్ నింపి ఉంటుంది, వాటిని మధ్యమధ్యలో పరీక్షిస్తారు కూడా. దీనికి ఆ రెండూ లేవు.

ఇక తాడు సంగతి. పైనున్న ఇనుప కత్తెర నుంచి నేరుగా మన చేతిలోకి వచ్చేది అదే. తడిసి, జిగురు పట్టిన తాడు కరెంటును మోసుకొస్తే కర్ర ఎంత మంచిదైనా ఏం లాభం? స్టిక్కర్‌లో తాడు ఊసే లేదు. పెట్టెలో వచ్చిన కాగితంలో మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో ‘తీగలకు 3 మీటర్ల దూరంలో వాడండి’ అని ఉంది. షాక్ కొట్టని కర్రకు ఆ దూరం ఎందుకో మరి!

ఆ 3 మీటర్లు మన చేతి నుంచి కాదు, కత్తెర కొస నుంచి, తెగి పడే కొమ్మ నుంచి చూసుకోవాలి. పచ్చి కొమ్మ తీగ మీద వాలితే చెట్టులోకీ కరెంటు రావచ్చు. హైవోల్టేజ్ లైనైతే తగలక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్తే చాలు, గాల్లోంచే దూకుతుంది. తీగకు నల్లటి తొడుగుంది కదా అని ధీమా పడటానికీ లేదు. చాలాచోట్ల అది ఎండావానల కోసం వేసిందే.

మా చెట్లలో ఒక్కటి తప్ప మిగతావన్నీ లైనుకు దూరం. ఆ ఒక్కదానికి కరెంటు వాళ్ళను పిలిస్తే, సప్లై ఆపి వాళ్ళే కొట్టి వెళ్ళారు. మిగతా వాటికి ఈ కర్రే వాడుతున్నాను. తాడు మార్చాను, కొత్త మూత బిగించాను. ఇలాంటి దొడ్డికైతే మూడున్నర స్టార్లు ఇవ్వొచ్చు. తీగలు కొమ్మల్లోంచే పోతుంటే మాత్రం నా రేటింగ్ చూసి కొనకండి.