హామ్ రేడియోలో తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు వినడానికి ఏది మేలు: నిలువు యాంటెన్నానా, అడ్డంగా కట్టిన డైపోలా?

మిర్యాలగూడ దగ్గర మా ఇంటికి వెనక బోరు మోటర్లు, ముందు 11 కేవీ లైను. వీటి మధ్య కూర్చుని రాత్రిపూట హామ్ రేడియోలో (లైసెన్సుతో సరదాకి నడిపే రేడియోలో) 3.5, 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు వినాలి. రెండు రకాల యాంటెన్నాలూ కట్టి చూశాను.

చోటు సంగతి చూస్తే నిలువుదే నయం. 7 మెగాహెర్ట్జ్‌కి సుమారు 10 మీటర్ల పైపు చాలు, డైపోల్‌కి (మధ్యలోంచి కేబుల్ దింపే తీగ యాంటెన్నాకి) 20 మీటర్ల తీగ, కట్టడానికి రెండు గుంజలు కావాలి. అయితే నిలువుదానికి నేలమీద రేడియల్ తీగలు, అంటే మొదలు నుంచి చుట్టూ చక్రం ఆకుల్లా వెళ్లే తీగలు, పరవాలి. మావి సాగర్ ఎడమ కాలువ కింది తడి పొలాలు కాబట్టి నేల కలిసొస్తుంది. దేవరకొండ వైపు రాతి నేలలో అంత ఫలితం ఆశించకండి.

అసలు తేడా గోలలో, అంటే సిగ్నల్‌ని కప్పేసే బరబర చప్పుడులో ఉంది. చుట్టుపక్కల పుట్టే కరెంటు గోల నేలను అంటుకుని వస్తుంది. దారిలో దాని అడ్డం భాగాన్ని నేల త్వరగా మింగేస్తుంది, మనదాకా చేరేది ఎక్కువగా నిలువు భాగమే. నిలువు యాంటెన్నా సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. అయనోస్ఫియర్ (ఆకాశంలో ఎత్తున ఉండే విద్యుదావేశపు పొర) నుంచి తిరిగొచ్చే సిగ్నల్ సంగతి వేరు. దాని పోలరైజేషన్ (తరంగం నిలువుగా ఊగుతుందా, అడ్డంగానా అన్నది) పైనే మారిపోతూ ఉంటుంది కాబట్టి, అవతలివాళ్లు ఏ యాంటెన్నా వాడారన్నది మనకు పెద్దగా పట్టదు. అంటే డైపోల్ మీద తగ్గేది ముఖ్యంగా గోలే.

2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు వచ్చాక, మోటర్లు ఆగే వేళ చూసి వినడం కుదరట్లేదు. నిజానికి మోటరు తిరగడం వల్ల వచ్చే గోల తక్కువే. స్టార్టర్ డబ్బాలో లూజు వైరు, స్తంభం మీద నిప్పురవ్వలు రాల్చే జంపర్ (లైను తీగల్ని కలిపే తీగ ముక్క), ఇవే అసలు కారకులు. ఎండల్లో ఆ బుర్రుమనే చప్పుడు పెరుగుతుంది, వాన పడితే చాలాసార్లు తగ్గుతుంది.

దూరం కావాలంటే మాత్రం నిలువుదాన్ని వదులుకోలేం. 10 మీటర్ల ఎత్తులో ఉన్న డైపోల్ 3.5 మెగాహెర్ట్జ్‌లో సిగ్నల్‌ని దాదాపు నడినెత్తికి పంపుతుంది. హైదరాబాద్, విజయవాడలతో మాట్లాడటానికి అది చక్కగా పనికొస్తుంది, ఖండాలు దాటడానికి చాలదు. అందుకే నేను నిలువుదానితో పంపి, డైపోల్‌తో వింటాను. ఒక్కటే కట్టగలిగితే డైపోలే కట్టమంటాను, వినపడని స్టేషన్‌కి జవాబు ఎలా ఇస్తాం?

ఏది కట్టినా ముందు మెయిన్ ఆపేసి, రేడియోని 12 వోల్టుల బ్యాటరీ మీద పెట్టి వినండి. గోల పోతే దొంగ ఇంట్లోనే ఉన్నట్టు. మా ఇంట్లో అది పశువుల కొట్టంలో వేలాడదీసిన చవక ఎల్ఈడీ బల్బు. అది డైపోల్ తీగ కిందే ఉండటంతో, బల్బు మార్చేదాకా డైపోల్ మీద కూడా గోల తగ్గలేదు.