బెంగళూరు చుట్టుపక్కల గుర్రం బేరం: ఎక్కడ చూశాం, ఎక్కడ దిగాం

బెంగళూరులో గుర్రాలు అమ్మేవాళ్లకు కొదవ లేదు, వాటి కాళ్లు నిదానంగా చూడనిచ్చేవాళ్లే తక్కువ. చింతామణి దగ్గర తోట ఉన్న మా బాబాయికి స్వారీకి మంచి గుర్రం కావాలంటే ఇద్దరం కలిసి తిరిగాం.

ముందు చూసినవి పందేల కోసం పెంచే జాతి గుర్రాలు, రేసులు మానేసిన థరోబ్రెడ్‌లు. రేసుకోర్సు ఊరి నడిబొడ్డునే ఉంది, టిప్పు సైన్యానికి గుర్రాలు పెంచిన కుణిగల్ ఇక్కడికి 70 కిలోమీటర్లే, కాబట్టి ఈ జాతి సులువుగా కంటపడుతుంది. మాకు చెప్పిన ధర రాజస్థాన్ జాతి మార్వాడీ గుర్రం కంటే తక్కువే, అయినా ఆశపడకండి. 2, 3 ఏళ్ల వయసు నుంచే పందేల్లో పరుగెత్తిన కాళ్లవి. ఒక షెడ్డులో నిగనిగలాడే ఆడగుర్రాన్ని చూపించారు. మోకాలి కింద వెనక నరం పట్టుకుని చూస్తే ఒక కాలు చల్లగా ఉంది, రెండోది వెచ్చగా, కాస్త ఉబ్బి ఉంది. "నిన్న కట్టు బిగుతుగా కట్టారు సార్, అంతే" అన్నాడు అమ్మే మనిషి. గట్టినేల మీద ట్రాట్ (చిన్న పరుగు) చేయించమంటే రేపు రమ్మన్నాడు. ఆ నొప్పి కాలితో దాన్ని ఏ పెళ్లి ఊరేగింపులో నిలబెడతారో అని బాబాయి దారంతా బాధపడుతూనే ఉన్నాడు.

ఆడి మాసంలో, అంటే జులై, ఆగస్టుల్లో, ఈరోడ్ జిల్లా అంతియూర్‌లో గురునాథస్వామి గుడి పండగకు పెద్ద సంత జరుగుతుంది. చూడడానికి తప్పకుండా వెళ్లండి, అన్ని మార్వాడీలు, గుజరాత్ జాతి కాఠియావాడీలు ఒకేచోట కనబడితే కడుపు నిండిపోతుంది. కొనడానికి మాత్రం ఆ జనంలో, ఆ డప్పుల మోతలో కుదరదు. బస కూడా కష్టమే. మేం దిగిన లాడ్జిలో పండగ పేరు చెప్పి రెట్టింపు తీసుకున్నారు, తెల్లారేసరికి నీళ్లు లేవు. భవానీలోనో ఈరోడ్‌లోనో ముందే గది చూసుకోండి.

మాకు నచ్చింది హోస్కోటె వైపు ఒక చిన్న ఫారం, తెలుగువాళ్లదే. చెవుల కొసలు లోపలికి తిరగడం మార్వాడీకీ కాఠియావాడీకీ రెండింటికీ ఉంటుందని, చెవులు చూసి జాతి తేల్చొద్దని ఫారం ఆయనే చెప్పాడు. నుక్రా అనే తెల్ల గుర్రం అయితే రంగుకో ధర, ఒంటిమీది వెంట్రుకల సుడులకో ధర. సుడుల మీద బాబాయికీ నమ్మకమే, నేను కాదనలేదు, ముందు డెక్కలు ఎత్తి చూద్దాం అన్నాను. మేం చూసిన గుర్రం ఎత్తు 15 హ్యాండ్స్ అన్నారు (ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు), మూపు దగ్గర టేపు పెడితే 2 అంగుళాలు తగ్గింది, మారు మాట్లాడకుండా ధర దించాడు. పళ్లు చూపించాడు, ముందు తన కుర్రాణ్ని ఎక్కించి తర్వాత బాబాయిని ఎక్కనిచ్చాడు.

డాక్టర్‌ని మాత్రం మీరే తెచ్చుకోండి, అమ్మేవాళ్ల డాక్టర్ వద్దు. గ్లాండర్స్ అనే గుర్రాల అంటుజబ్బు‌కి రక్తపరీక్ష చేయించకుండా అడ్వాన్స్ ఇవ్వకండి, ఆ జబ్బుకు టీకా లేదు, మనుషులకూ అంటుతుంది. మా డాక్టర్ ఫీజు ఎక్కువే అనిపించింది కానీ గంటకు పైగా ఓపిగ్గా చూశాడు, ప్రతి రూపాయికీ న్యాయం చేశాడు.

లారీవాడితో టెన్షన్ తప్పలేదు. ర్యాంప్ తెస్తానని తేలేదు, చివరికి మట్టిగట్టుకు ఆనించి ఎక్కించాం. ర్యాంప్, కింద పరిచే గడ్డి, ప్రయాణానికి డాక్టర్ సర్టిఫికెట్ ముందురోజే కళ్లతో చూసుకోండి. గుర్రం తింటున్న దాణా కూడా కొంత వెంట తెచ్చుకోండి, మేత ఒక్కసారిగా మారిస్తే వచ్చే కడుపునొప్పి దాని ప్రాణం మీదికి తెస్తుంది. ఫారం ఆయన ఒక బస్తా డబ్బు తీసుకోకుండానే లారీలో వేయించాడు.