మందు లేని ఫ్రాటర్నిటీ ఇంట్లో మూడేళ్ళు ఉన్నాక

అమెరికాలోని ఒహాయోలో డిగ్రీ చదివిన నాలుగేళ్ళలో మూడేళ్ళు ఒక ఫ్రాటర్నిటీ ఇంట్లో ఉన్నాను. ఫ్రాటర్నిటీ అంటే కాలేజీ కుర్రాళ్ళు సభ్యులుగా చేరే సంఘం. 2022 ఆగస్టులో దిగాను, 2025 మేలో గది ఖాళీ చేశాను. అక్కడి మాటల్లో అది ‘సబ్‌స్టన్స్ ఫ్రీ హౌసింగ్’. అంటే ఇంట్లో మందు, సిగరెట్, వేప్ (ఈ-సిగరెట్), గంజాయి ఏవీ ఉండకూడదు. చట్టప్రకారం తాగగలిగే 21 ఏళ్ళు నిండినవాడైనా సరే, తన గదిలో ఒక్క బీరు డబ్బా పెట్టుకోకూడదు. 2023 నవంబర్ ఓటింగుతో ఒహాయోలో పెద్దవాళ్ళకి గంజాయి చట్టబద్ధమైంది, మా ఇంటి నియమం మాత్రం మారలేదు. మంచితోపాటు చెడు కూడా చెప్పాలి కాబట్టి మా చాప్టర్ (ఫ్రాటర్నిటీకి మా యూనివర్సిటీలో ఉన్న శాఖ) పేరు రాయడం లేదు.

చేరతానన్నప్పుడు అమ్మ ఫోన్‌లోనే ఏడ్చింది. “వద్దు నాన్నా, ఆ సంఘాల్లో బలవంతంగా తాగిస్తారంట, పిల్లలు చచ్చిపోయారంట” అంది. ఆమె విన్నది నిజమే. అలా పిల్లలు పోయాకే ఒహాయోలో 2021లో ర్యాగింగ్ చట్టాన్ని గట్టి చేశారు. ఫ్రాటర్నిటీలు కూడా కొంత మారాయి. ఒహాయోలోని మయామి యూనివర్సిటీలో 1848లో పుట్టిన ఫై డెల్టా థీటా 2000 జూలై నుంచి తన ఇళ్ళలో మందు ఆపేసింది. 2018లో జాతీయ ఫ్రాటర్నిటీల సమాఖ్య 15 శాతం మించి ఆల్కహాల్ ఉన్న సరుకుని ఇళ్ళలోంచి తీసేయాలని తీర్మానించి, 2019 సెప్టెంబర్ దాకా గడువు పెట్టింది. అది ఘాటు మందు వరకే. మా ఇంట్లో బీరు కూడా కుదరదు. ఇవన్నీ చెప్పాక కూడా అమ్మ ఒప్పుకోలేదు. నాన్న వీడియో కాల్‌లో ఇల్లంతా చూసి, అక్కడి కుర్రాళ్ళతో మాట్లాడాక ఒప్పుకున్నారు.

స్కాలర్‌షిప్ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చూసే అటు వెళ్తారు. నాకు అడ్మిషన్ వచ్చిన నెలలోనే మా చాప్టర్ నుంచి దరఖాస్తు వచ్చింది. ఒక వ్యాసం, ఒక జూమ్ ఇంటర్వ్యూ, అంతే. వెయ్యి డాలర్లు ఇచ్చారు. తీసుకున్నవాళ్ళు సభ్యులుగా చేరాలన్న షరతు లేదు. సిగ్మా ఫై ఎప్సిలాన్ చాప్టర్లు ఇచ్చే బ్యాలెన్స్‌డ్ మ్యాన్ స్కాలర్‌షిప్ కూడా ఇలాంటిదే. కొత్తగా వచ్చేవాళ్ళలో బాగా చదివే కుర్రాళ్ళు ఎవరో తెలుసుకోవడానికి వాళ్ళకది ఒక దారి. అందులో తప్పేమీ లేదు. చేరే ఉద్దేశం లేకపోయినా దరఖాస్తు పెట్టండి, మొహమాటం వద్దు.

కానీ డబ్బు చేతికొచ్చిందని సంబరపడే ముందు యూనివర్సిటీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో ఒక మాట అడగాలి. బయటి స్కాలర్‌షిప్ వస్తే కొన్ని చోట్ల తామిచ్చే సాయంలో కోత పెడతారు. నాకు వెయ్యి జమైతే అయిదువందలు తగ్గించారు. మరో సంగతి: స్కాలర్‌షిప్ డబ్బు ఫీజుకీ పుస్తకాలకీ వాడితే ట్యాక్స్ పడదు, గదికీ తిండికీ వాడితే పడుతుంది. ఈ రెండూ నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

లెక్క చూస్తే, ఆ వెయ్యి కాకుండా మంచి జీపీఏకి మూడు సెమిస్టర్లు నాలుగేసి వందలు వచ్చాయి. మొత్తం 2,200. చందా సెమిస్టర్‌కి 450 చొప్పున ఏడు సెమిస్టర్లు, చేరినప్పుడు 350, వెరసి 3,500. అంటే స్కాలర్‌షిప్ కోసం చేరితే నష్టమే. నాకు మిగిలింది గది దగ్గర. యూనివర్సిటీ హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి పన్నెండు వేల పైమాటే, ఇక్కడ భోజనంతో కలిపి 8,700 అయింది. మనవాళ్ళు నలుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుని వండుకుంటే ఇంకా తక్కువలో పోతుంది, అది కూడా చెప్పాలి కదా.

మరి ఎందుకున్నానంటే, ఆ ఇంటి బేస్‌మెంట్ కోసం. అదివరకు అక్కడే పార్టీలు జరిగేవట. గోడవారగా పొడుగాటి చెక్క బార్ కౌంటర్ ఇంకా ఉంది. ముసురు పట్టిన రోజున ఆ చెక్కలోంచి పాత బీరు వాసన పైకొస్తుంది. ఇప్పుడు దానిమీద ప్రింటర్, నా రైస్ కుక్కర్, ఎవరివో కాలిక్యులస్ పుస్తకాలు ఉంటాయి. పూర్వ విద్యార్థులు డబ్బులేసుకుని బల్లలు, వైట్‌బోర్డు పెట్టించారు. మన హాస్టళ్ళలో అయితే వార్డెన్ ఉంటాడు. అక్కడ ఎవరూ లేరు. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళే హౌస్ మేనేజర్‌ని ఎన్నుకుని, తప్పు చేసినవాణ్ణి స్టాండర్డ్స్ బోర్డు ముందు కూర్చోబెట్టి, తామే అడుగుతారు. రెండో ఏడు నా రూమ్‌మేట్ వేప్‌తో దొరికితే ఆ బోర్డులో నేనూ ఉన్నాను. మొహం చూసి మాట్లాడటం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. శుక్రవారం రాత్రి పదింటికి ప్రశాంతంగా చదువుకోగలిగిన ఇల్లు ఆ వీధిలో మాదొక్కటే.

ఇక చెడు. ఇంట్లో మందు లేదంటే కుర్రాళ్ళు తాగడం మానేశారని కాదు. రెండు వీధుల అవతల సీనియర్లు అద్దెకుండే ఇల్లొకటి ఉండేది, తాగేవాళ్ళు అక్కడికెళ్ళేవాళ్ళు. 2024 ఫిబ్రవరిలో ఒక జూనియర్ అక్కడినుంచి నడిచొచ్చి మా మెట్లమీద పడిపోయాడు. పెదాలు నీలం తిరిగాయి, ఊపిరి గురకలా ఆగి ఆగి వస్తోంది. వాణ్ణి పక్కకి తిప్పి పట్టుకుని ఉన్నాను. మిగతా ముగ్గురూ అంబులెన్స్ పిలవాలా వద్దా అని వాదించుకుంటున్నారు. పిలిస్తే రికార్డులోకెక్కుతుంది, చాప్టర్ పోతుంది, వాడి స్కాలర్‌షిప్ పోతుంది అని భయం. ఫోన్‌లో తర్వాత చూస్తే పదకొండు నిమిషాలు. పన్నెండో నిమిషంలో నేనే 911కి చేశాను. వాడు బతికాడు. మర్నాడు మధ్యాహ్నం వాళ్ళమ్మ ఫోన్ చేసి థాంక్స్ చెబుతుంటే నా నోట మాట రాలేదు.

ఇంటికి ఏమీ కాలేదు. సాయం కోసం పిలిచినవాళ్ళమీద, పడిపోయినవాడిమీద క్రమశిక్షణ చర్య ఉండదని మా యూనివర్సిటీ నిబంధనల్లోనే ఉంది. మాలో ఒక్కడూ అది చదవలేదు. మా ఇంటి నియమం రాసిన పెద్దలు సీసా దొరికితే ఎంత జరిమానానో వివరంగా చెప్పారు గానీ, ఇలాంటి రాత్రి ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా రాయలేదు. శిక్ష భయం మాత్రమే ఉన్నచోట ప్రాణం రెండో ప్రశ్న అయిపోతుంది. తర్వాతి ఆదివారం మీటింగ్‌లో తీర్మానం పెట్టాం. ప్రతి గది తలుపు వెనకా ఒక కాగితం అంటించాం: ‘ముందు 911. మిగతావన్నీ రేపు మాట్లాడుకుందాం.’

నేను మళ్ళీ ఉంటానా అంటే ఉంటాను, ఆ కాగితం ఉన్న ఇంట్లో అయితే. మా బాబాయి కొడుకు ఈ ఆగస్టులో వేరే రాష్ట్రానికి డిగ్రీకి వెళ్తున్నాడు. రెండు చాప్టర్ల స్కాలర్‌షిప్‌లకి దరఖాస్తు పెట్టించాను. అందులో ఒకదానికి మందు లేని ఇల్లు ఉంది. చందా ఎంతో, ఏడాది మధ్యలో ఖాళీ చేస్తే ఎంత కట్టాలో రాతపూర్వకంగా అడగమన్నాను. ఎవరైనా తాగి పడిపోతే ఏం చేస్తారని అక్కడి కుర్రాళ్ళనే నేరుగా అడిగి, ఎంతసేపు ఆలోచించి జవాబిచ్చారో నాకు చెప్పమన్నాను.